భోజనాలాయన

నన్ను ఎవరైనా ఒక మాట అంటే అది నాతోనే ఉండిపోతుంది. ఆరో తరగతిలో నా జడను ఎలుక తోక అన్న పిల్ల, పెద్దయ్యాక తన పెళ్ళికి శుభలేఖ పంపితే నేను వెళ్ళలేదు. మా ఇంటికి పేరంటానికి వచ్చి, "పిల్లకి అన్నీ తండ్రి పోలికలేనండీ, పాపం" అన్న పెద్దావిడ ఇప్పుడు మంచం మీద నుంచి లేవలేని స్థితిలో ఉంది. ఆ 'పాపం' మాత్రం నాకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఇది మంచి గుణమని నేను అనడం లేదు. మానుకుంటానని కూడా అనడం లేదు.

అలాంటి నేను అందరికంటే ఎక్కువ కోపం పెట్టుకున్నవాడు అసలు మనిషే కాదు. మా బాబాయి కంప్యూటర్‌లో ఒక ఆట ఉండేది. అందులో ఒక ముసలాయన. ఆయనకి ఆటలో ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు కానీ మేము భోజనాలాయన అనేవాళ్ళం. ఆ కోపంలో ఆయన పక్కనే ఇంకొకరిని కూడా నిలబెట్టాను. మా అమ్మని. ఒక మధ్యాహ్నం ఆమె నాకు పెట్టిన భోజనం వల్ల నేను మా బాబాయిని ప్రాణాలతో చూడలేకపోయాను. ఈ రెండూ వేరు వేరు సంగతులని చాలామంది నచ్చజెప్పారు. నాకు వేరుగా కనిపించవు.

మాది మండపేట. నాన్న ఒక రైస్ మిల్లులో గుమస్తా. నాన్న తమ్ముడే మా బాబాయి. పెళ్ళి కాలేదు, మాతోనే ఉండేవాడు. మిల్లులకి కంప్యూటర్లు తెచ్చి బిగించి, లెక్కలు అందులో వేయడం నేర్పించడం ఆయన పని. ఆ రోజుల్లో మిల్లు యజమానులు కంప్యూటర్ని ఇంట్లో దేవుడి మందసం కంటే భద్రంగా చూసుకునేవారు. చెప్పులు విప్పి ఆ గదిలోకి వెళ్ళాలి. అయినా తవుడు దుమ్ము ఎలాగోలా లోపలికి దూరేది. బాబాయి స్కూటరు డిక్కీలో ఎప్పుడూ ఒక పెయింటు బ్రష్ ఉండేది. దానితో దులిపి, "ఏం లేదండి, దీనిక్కాస్త ఆయాసం వచ్చింది" అని చెప్పి వచ్చేసేవాడు.

సంబంధాలు చూస్తూనే ఉండేవారు. ఒకసారి పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చాక అమ్మ అడిగింది.

"అమ్మాయితో ఏం మాట్లాడావయ్యా?"

"వాళ్ళ వీధిలో కరెంటు ఎంతసేపు పోతుందో అడిగాను వదినా."

"చాల్లే. ఇంక నీకు పెళ్ళయినట్టే."

ఆ ఆట సీడీని ఆయన కాకినాడలో కొనుక్కొచ్చాడు. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మా ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటర్ ఉండేది. వంటింట్లో అమ్మకి మా మాటలు వినబడేవి, మాకు ఆమె తాలింపు ఘాటు తగిలేది. బాబాయి మిల్లుల నుంచి వచ్చి స్నానం చేశాక సాయంత్రం దీపాల వేళకి ఇద్దరం దాని ముందు కూర్చునేవాళ్ళం. నడిపేది నేను. మౌస్ నా చేతిలో ఉండాల్సిందే. ఒకసారి బాబాయి నా చేతిలోంచి లాక్కుని ఒక గుమ్మంలోంచి తప్పుగా వెళ్ళి మమ్మల్ని చంపించాడు. ఆ విషయం నేను ఆయనకి గుర్తుచెయ్యని వారం లేదు.

ఆటలో లోకం అయిపోయి ఉంటుంది. పెద్ద యుద్ధం జరిగి, ఊళ్ళు కాలిపోయి, నదులు ఎండిపోయి, మిగిలినవాళ్ళు ఇనప రేకుల గుడిసెల్లో బతుకుతుంటారు. అలాంటి ఒక గుడిసెల ఊరి నుంచి మనం బయల్దేరతాం. మన ఊరికి నీళ్ళు రావడం లేదు. ఎక్కడో పైన ఆనకట్ట ఉంది, తలుపులు దించేసి ఉన్నాయి. వెళ్ళి అడిగి నీళ్ళు వదిలేలా చేసి రావాలి. ఇంగ్లీషులో రెండు పేజీలు వచ్చిన ఈ కథని బాబాయి ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"లాకులు కట్టేశారు. మనం శివారు భూముల వాళ్ళం. అంతేనే అమ్మడూ."

దారి పొడుగునా అందరూ తుపాకులు ఎక్కుపెట్టేవాళ్ళే. ఎవరి దగ్గరకి వెళ్ళినా ముందు కాల్పులు, ఆ తర్వాతే మాట. మన మనిషి ఆకలితో, గాయాలతో ఈడ్చుకుంటూ ఆనకట్ట దగ్గరి పాత పంపుహౌస్‌కి చేరతాడు. అక్కడ ఉంటాడు ఆయన. పొడుగ్గా, సన్నగా, తెల్లకోటు వేసుకుని, తల చక్కగా దువ్వుకుని. అంత దుమ్ము లోకంలో మరక లేని బట్ట ఆయన ఒంటి మీదే చూశాం. ఆయన గదిలోకి అడుగుపెట్టగానే అప్పటిదాకా వీస్తున్న గాలి చప్పుడు ఆగిపోయేది. చెంచా పళ్ళేనికి తగిలే శబ్దం ఒక్కటే వినబడేది. మిగతా వాళ్ళ ముఖాలు తెర మీద కదిలేవి, రెప్పలు పడేవి. ఆయన మాత్రం రెప్ప వెయ్యడు. నవ్వుతూ చూస్తూనే ఉంటాడు.

"రెప్ప వెయ్యట్లేదేంటి బాబాయ్?"

"పెద్ద మనుషులు అంతేనే. రెప్పేస్తే మనం ఎక్కడ పారిపోతామోనని."

ఆయన మనల్ని ఏమీ అడగడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఏం కావాలి, ఏదీ లేదు. కూర్చోబెడతాడు. బల్ల మీద భోజనం ఉంటుంది. తిన్నాక మాట్లాడదాం అంటాడు. ఆ ఇంగ్లీషు మాటల్ని బాబాయి పెళ్ళిపందిట్లో వియ్యాలవారిని పిలిచే గొంతుతో చదివేవాడు.

"రండి రండి. ఎండన పడొచ్చారు, ముఖం ఎలా వాడిపోయిందో చూడండి. ముందు కాస్త ఎంగిలిపడండి. అబ్బే, మొహమాటపడితే నామీద ఒట్టే."

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చేది. "ఎవరే ఆయన? అంత మర్యాదగా పిలుస్తున్నాడు."

"నీళ్ళు కట్టేసిన ఆయనమ్మా."

"కట్టేస్తే కట్టేశాడు గానీ, మీ ఆటలో మనిషిలా మాట్లాడింది ఆయనొక్కడే. ఇన్నాళ్ళూ ఢాం ఢాం తప్ప ఒక్క మంచిమాట విన్నానా?"

మొదటి ముద్ద తిన్నాక ఆట మనల్ని అడుగుతుంది. ఇంకా తింటావా, లేస్తావా అని. ఆకలి తీరేకొద్దీ మన మనిషికి ఒంట్లో బలం వస్తుంది, అది తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. నేను ఒక్కసారి మాత్రం లేద్దామా అన్నాను. ఆయన చూపు నాకు నచ్చలేదు.

"మధ్యలో లేస్తే ఏం బావుంటుందే? పిలిచి పెడుతున్నాడు పాపం" అన్నాడు బాబాయి.

అమ్మ గుమ్మంలోకి వచ్చి గరిటె పట్టుకునే నిలబడింది. "పెద్దాయన పక్కన నిలబడి వడ్డిస్తుంటే విస్తరి ముందు నుంచి లేస్తారా ఎవరైనా? నేర్పించానా నీకు అలాగ?"

లేవలేదు. పూర్తిగా తిన్నాం. ఆయన మారు వడ్డిస్తే వద్దనకుండా తిన్నాం. చివర్లో ఆయన నీళ్ళ సంగతి చూస్తానని మాటిచ్చి, దారికి కొంత మూట కట్టి పంపించాడు. వెనక్కి ఊరికి వచ్చేసరికి గుడిసెలు కాలి బూడిదై ఉన్నాయి. మనుషులు లేరు. మనకి వీడ్కోలు చెప్పిన ముసలమ్మ గుడిసె దగ్గర ఒక చెప్పు పడి ఉంది.

మేము దారిలో ఆలస్యం చేశామనుకున్నాం. మళ్ళీ మొదటి నుంచి ఆడాం. అడ్డదారిన వెళ్ళాం. మంచి తుపాకులు సంపాదించి, ఎక్కడా ఆగకుండా వెళ్ళాం. ఆయన దగ్గర భోంచేశాం. తిరిగొస్తే బూడిద. కొండ మీద దొంగలే ఈ పని చేశారని భోజనాలాయన బాధపడుతూ చెప్పేవాడు. పాపం ఆయనకే ఎంత బాధగా ఉందో అనుకుని, ఆయనిచ్చిన తుపాకులతో వెళ్ళి ఆ కొండవాళ్ళని చంపి వచ్చేవాళ్ళం. ఆయన మళ్ళీ భోజనం పెట్టేవాడు. ఒక వేసవి అంతా, కాలువలు కట్టేసి ఊళ్ళో బురద వాసన వేస్తున్న రోజుల్లో, మేము ఆయన బల్ల దగ్గర తింటూనే ఉన్నాం. ఊరు కాలుతూనే ఉంది.

"మన ఊరికి ఏదో శాపం ఉందే" అన్నాడు బాబాయి చివరికి. "ఇది గెలిచే ఆట కాదు. ఆయనతో కబుర్లు చెప్పుకోడానికి బావుంటుంది, అంతే."

ఆ తర్వాత నాకు కాకినాడలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. హాస్టల్లో చేరాను. బాబాయి బస్టాండు దాకా స్కూటరు మీద దింపాడు. "నువ్వొచ్చేదాకా ఊరు నేను కాస్తుంటాలే" అన్నాడు. కానీ నేను లేకుండా ఆయన ఆడలేదు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచాడని అమ్మ ఫోన్లో చెప్పేది.

రెండో సంవత్సరం పరీక్షల ముందు హాస్టల్లో ఒకమ్మాయి అదే ఆట ఆడిందని తెలిసింది. ఆ కాలేజీలో తుపాకుల ఆటలాడే ఆడపిల్లని నేనొక్కదాన్నే అనుకుని గర్వపడుతూ ఉండేదాన్ని కాబట్టి మొదట నాకు చిరాకే వేసింది. భోజనాలాయన సంగతి చెబితే ఆ అమ్మాయి పగలబడి నవ్వింది.

"తిన్నారా? మొత్తం తిన్నారా?"

"ఆయన పెడితే తినక?"

"అయ్యో రామ! నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ బయట రోజులు గడిచిపోతుంటాయి. ఆయన మనుషులు మీ ఊరు తగలబెట్టడానికి నడిచి వెళ్తుంటారు. ఎన్ని ముద్దలు తింటే అంత దగ్గరకి వెళ్తారు. మొదటి ముద్దకే లేచి వచ్చెయ్యాలి. నిన్నక్కడ కూర్చోబెట్టడానికేగా అన్నం!"

నేను ఆ రాత్రి నిద్రపోలేదని చెబితే అతిశయోక్తి అవుతుంది. నిద్రపోయాను. కానీ పరీక్షలు ఎప్పుడు అయిపోతాయా, ఎప్పుడెళ్ళి బాబాయికి చెబుతానా అని ఒకటే ఆరాటం. ఫోన్లో చెప్పాలనిపించలేదు. ఆయన ముఖం చూస్తూ చెప్పాలి. 'ఎంత మోసం చేశాడే!' అని ఆయన నెత్తి కొట్టుకోవడం చూడాలి. మధ్యలో లేస్తే బావుండదన్నది ఎవరని అడగాలి.

ఆ పరీక్షల రోజుల్లోనే బాబాయికి జ్వరం వచ్చింది. వానాకాలం వెళ్ళే రోజులు, మండపేటలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. అందరికీ తగ్గింది, ఆయనకి ముదిరింది. రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చారు. నాకు చెప్పలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా, "బాబాయి లేడా?" అంటే, "మిల్లుకెళ్ళాడు, నువ్వు చదువుకో" అంది అమ్మ. పరీక్షలున్న పిల్లకి ఇంట్లో జబ్బు సంగతి చెప్పకూడదన్నది మా వైపు చాలా ఇళ్ళల్లో ఉన్నదే. ఈ ఒక్కదానికే అయితే నేను ఏదో ఒకరోజు సర్దుకునేదాన్నేమో.

చివరి పరీక్ష రోజు పొద్దున్నే నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికి ఫోన్ చేశారు. "వాడికి ఏం బాగాలేదు. పిల్ల పరీక్ష రాసి రాగానే తీసుకుని బయల్దేరి వచ్చెయ్" అన్నారు. అంతే అన్నారు. ఫోన్ పెట్టేశారు.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. మనిషి పోయాడని మా ఇళ్ళల్లో ఎవరూ ఫోన్లో చెప్పరు. దూరాన ఉన్నవాళ్ళు ఒక్కళ్ళే ఎలా తట్టుకుంటారో, దారిలో ఏమైపోతారో అని భయం. ఒంట్లో బాగాలేదు, ఓసారి వచ్చి వెళ్ళండి అంటారు. విన్నవాళ్ళు అర్థం చేసుకుని, అర్థం కానట్టు నటిస్తూ బయల్దేరతారు. ఇంటికొచ్చాక కూడా వెంటనే చెప్పరు. ముందు అన్నం పెడతారు. సంగతి తెలిస్తే ముద్ద దిగదు, కార్యక్రమం అయ్యేదాకా పస్తే. అందుకని తిని చేయి కడుక్కున్నాక చెబుతారు. మా తాతయ్య పోయినప్పుడు నాన్నకి అలాగే పెట్టారు. మా అమ్మమ్మ పోయినప్పుడు అమ్మకీ అలాగే పెట్టారు.

కాబట్టి నాన్న రమ్మనగానే అమ్మ అనుకుంది, బాబాయి పోయాడని. ఫోన్ పెట్టేసి ఏడ్చింది. ఆ తర్వాత ముఖం కడుక్కుని నా కోసం వంట మొదలుపెట్టింది.

నేను మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికొచ్చాను. వీధిలో మా ఇంటి ముందు అద్దెకారు ఒకటి ఆగి ఉంది. డ్రైవరు తలుపు తీసుకుని కాళ్ళు బయటపెట్టి కూర్చున్నాడు.

"ఎవరికోసమమ్మా కారు?"

"పక్కవాళ్ళకేమో. కాళ్ళు కడుక్కురా."

"బాబాయి ఏడి? ఆయనకి ఒకటి చెప్పాలి. చెబితే చచ్చూరుకుంటాడు."

ఆ మాట అన్నాను నేను. అమ్మ అటు తిరిగి పళ్ళెం అందుకుంది.

"ముందు భోంచెయ్యవే. తిన్నాక మాట్లాడుకుందాం."

ఆ మాటలు ఎక్కడో విన్నట్టు నాకు తట్టనైనా లేదు. ఆకలి అంతగా వేస్తోంది. హాస్టల్ తిండి తిని తిని నోరు చచ్చిపోయి ఉంది. దోసకాయ పప్పు, బీరకాయ పచ్చడి, పెసర వడియాల కూర. అమ్మ పక్కనే నిలబడి వడ్డించింది. నేను పరీక్ష ఎలా రాశానో చెప్పాను. మారు పెడితే వద్దనలేదు. పెరుగులో ఆవకాయ నంజుకుని, పళ్ళెం తుడిచినట్టు తిన్నాను. అమ్మ ఎందుకు తినడం లేదని కూడా అడగలేదు. వీధిలో ఆ కారు అలాగే ఉంది.

చేయి కడుక్కుని వచ్చాక నన్ను దగ్గరకి తీసుకుని చెప్పింది.

"మీ బాబాయి ఇక లేడే తల్లీ."

కారు మా కోసమే. రాజమండ్రి బయల్దేరాం. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాను. ద్వారపూడి దగ్గర రైలు గేటు పడింది. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఇటు చేలల్లోంచి ఇంకో దారుందమ్మా, తొందరైతే అటు పోనిస్తానండి" అన్నాడు.

"వద్దు బాబూ. నెమ్మదిగానే వెళ్దాం. ఇప్పుడు తొందరేముంది?" అంది అమ్మ.

గూడ్సు వెళ్ళింది. గేటు తియ్యలేదు. ఇంకో బండి వస్తోందన్నారు. తొందర ఏముందని నాకూ అనిపించింది. గేటు దగ్గర ఒకామె వేయించిన వేరుశెనక్కాయలు అమ్ముతూ కిటికీ దగ్గరకొచ్చి, నా ముఖం చూసి వెళ్ళిపోయింది.

ఆసుపత్రి వరండాలో నాన్న ఎదురొచ్చారు. చొక్కా నలిగిపోయి ఉంది, గడ్డం పెరిగి ఉంది. మమ్మల్ని చూడగానే ఆయన అడిగిన మొదటి మాట ఇది.

"ఇంతసేపు చేశారేంటి?"

నాన్నే మళ్ళీ అన్నారు.

"ఇప్పుడే పోయాడు. మీరొచ్చే ముందే. పొద్దుట్నుంచీ తలుపు తీసిన చప్పుడైతే చాలు, అటే చూశాడు. నర్సమ్మ వచ్చినా అటే చూశాడు. అమ్మడు ఇంకా రాలేదా అని అడిగాడు."

"పొద్దున్నే పోయాడు కదండీ?" అంది అమ్మ.

"ఎవరు చెప్పారు నీకు?"

"మీరే కదా, బాగాలేదు, బయల్దేరి రండి అన్నారు?"

"బాగాలేదనే రమ్మన్నాను. పోయాడన్నానా? పోయాడని ఎప్పుడన్నాను?"

"పోయినా అంతే కదండీ అంటారు! పోయినా అలాగే కదా అంటారు!"

ఆమె ఆ మాటే అంటూ గోడకి ఆనుకుని కిందికి జారిపోయింది. నాన్న ఆమెని పట్టుకోలేదు. నా వైపు చూసి, "అన్నం తిన్నావా?" అని అడిగారు. ఏం అడుగుతున్నారో ఆయనకి తెలియదు. అలవాటు కొద్దీ నోటికి వచ్చిన మాట అది. నేను లోపలికి వెళ్ళాను. బాబాయి ముఖం అప్పటికే గుడ్డ కప్పి ఉంది. నేను గుడ్డ తీసి చూశాను. పెద్దలొచ్చి కప్పమన్నారు. కప్పలేదు.

తర్వాత ఇంట్లో ఎవరూ దీని గురించి మాట్లాడలేదు. నేను మాట్లాడాను. పన్నెండో రోజు భోజనాలకి వచ్చిన చుట్టాల మధ్య, "ఆ రోజు కారు ఎంతసేపు ఆగిందో తెలుసా మీకు?" అని అడిగాను. ఒక మేనత్త, "ఊరుకోవే, మీ అమ్మ నీ మంచికేగా చేసింది" అంది. ఆ మేనత్తతో ఇప్పటికీ నేను ముభావంగానే ఉంటాను. మంచికి చేశారా చెడుకి చేశారా అన్నది కాదు నా గొడవ. నన్ను బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆయన తలుపు వైపు చూస్తున్నాడు, నేను పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటున్నాను. కడుపు నిండా తిన్నాను. రుచిగా తిన్నాను. దానికి నేనెక్కడికి పోయి ఫిర్యాదు చెయ్యాలి?

నాన్న మీద ఎందుకు కోపం లేదని ఎవరైనా అడగవచ్చు. ఉంది. ప్రాణం ఇంకా ఉంది, పరుగెత్తుకు రండి అని ఆయన అనలేదు. మా వాళ్ళకి అంత తిన్నగా చెప్పే అలవాటు లేదు. ఆయన నిజమే చెప్పారు. ఆ నిజాన్ని నిజంగా తీసుకునే అలవాటు కూడా మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ తర్వాత అమ్మ నాకు వడ్డించడం మానేసింది. సెలవులకి ఇంటికొస్తే గిన్నెలు ముందు పెట్టి పక్కగదిలోకి వెళ్ళేది. నేను తిన్నానో లేదో చూసేది కాదు. ఇంకొంచెం అనేది కాదు. వేరేవాళ్ళకి మామూలుగానే వడ్డించేది. నేనూ ఆమెని రమ్మని పిలవలేదు.

మరుసటి వేసవిలో ఒక సాయంత్రం కంప్యూటర్ మీది గుడ్డ తీశాను. తవుడు దుమ్ము లేదు. అమ్మ రోజూ తుడుస్తోందన్నమాట. ఆట తెరిచాను. ఊరి నుంచి బయల్దేరాను, ముసలమ్మ వీడ్కోలు చెప్పింది, దారిలో అందరితో కాల్పులయ్యాయి, పంపుహౌస్ చేరాను. గాలి ఆగింది. చెంచా చప్పుడు. ఆయన తెల్లకోటులో నవ్వుతున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కనబడుతుంటే నాకు బాబాయి గొంతు వినబడింది. ఎండన పడొచ్చారు. ముఖం ఎలా వాడిపోయిందో చూడండి.

ఒక్క ముద్ద తిని లేచాను.

ఆయన నవ్వు పోలేదు. కూర్చోమన్నాడు. నేను గుమ్మం వైపు నడిచాను. మళ్ళీ కూర్చోమన్నాడు, ఈసారి మర్యాద మాట లేదు. బయటకి వచ్చేశాను. ఆయన మనుషులు అప్పుడే తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటున్నారు. అన్నిసార్లు ఆడినా వాళ్ళని నేను చూడడం అదే మొదటిసారి. వాళ్ళ కంటే ముందు ఊరు చేరాను. గుడిసెలు గుడిసెల్లాగే ఉన్నాయి. ముసలమ్మ బయట కూర్చుని ఉంది. ఆమెకి ఏమీ తెలియదు. అప్పుడే వచ్చావేంటని అడిగింది. అంతే. ఆట నన్ను మెచ్చుకోలేదు, ఏ బాజాలూ మోగలేదు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది.

వెనకనుంచి అమ్మ గొంతు వచ్చింది. ఎప్పుడొచ్చి నిలబడిందో.

"ఊరు కాలలేదేంటి ఈసారి?"

నేను చాలా రోజుల తర్వాత ఆమెతో పూర్తి మాటలు మాట్లాడాను. కావాలనే చెప్పాను. భోజనాలాయన ఎందుకు భోజనం పెడతాడో, బల్ల దగ్గర కూర్చున్నంతసేపు బయట ఏం జరుగుతుందో, మొదటి ముద్దకే ఎందుకు లేవాలో, ఒక్కటీ వదలకుండా చెప్పాను. ఆమెకి తగలాలనే చెప్పాను. తగిలింది. బాబాయి కుర్చీ వెనక చెయ్యి వేసి ఆమె తెర వైపు చూసింది.

"ఆయనకి తెలుసు కదే" అంది. "తెలిసే పెట్టాడు. నాకు తెలియదు."

అది నిజమైనంత మాత్రాన నా ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. ఈ రోజుకీ తీసుకోలేదు. తీసుకోమని ఆమె కూడా అడగలేదు. తెర మీద ముసలమ్మ గుడిసె ముందు గాలికి రేకు కొట్టుకుంటోంది.

అది చూస్తూ అమ్మ అడిగింది.

"ఇలా లేచి రావాలని మీ బాబాయికి తెలుసా?"

"తెలియదు" అన్నాను. "అది చెబుదామనే వచ్చానమ్మా ఆ రోజు."